‘ప్రయోగాత్మక సాంకేతికత’ నిర్వచనాన్ని నిబంధనల్లో ఎలా చదవాలి, ఒప్పందంలో ఎలా రాయాలి?

ఆరోగ్య బీమా క్లెయిమును ‘నిరూపితం కాని చికిత్స’ అంటూ తిరస్కరించిన ఉత్తరం చేతికి వచ్చినప్పుడు, ఒక కొత్త పరికరాన్ని ప్రయోగాత్మకంగా వాడి చూడమంటూ ఒక కంపెనీ ఒప్పంద పత్రాన్ని ముందు పెట్టినప్పుడు, లేదా సొంతంగా తయారు చేసిన డ్రోనును ఎగరవేసి చూడడానికి అనుమతి కావాలో అక్కర్లేదో తేల్చుకోవలసి వచ్చినప్పుడు మనం ఒకే ప్రశ్న దగ్గర ఆగుతాం. ఏది ఇంకా ప్రయోగ దశలో ఉన్నట్టు, ఏది దాన్ని దాటినట్టు? దీనికి ఇంజనీరు చెప్పే జవాబు వేరు, చట్టం చెప్పే జవాబు వేరు. చట్టాలు గానీ ఒప్పందాలు గానీ ఒక వస్తువును చూపించి ‘ఇది ప్రయోగాత్మకం’ అని శాశ్వతంగా ముద్ర వేయడం అరుదు. ఆ వస్తువును ఎవరు, ఎక్కడ, ఏ పనికి, ఎంతకాలం, ఏ ఆధారంతో వాడుతున్నారన్నదాన్ని బట్టి అవి ఆ హోదాను ఇస్తాయి, తీసేస్తాయి. నిర్వచనాన్ని ఈ కోణంలో చదవడం అలవాటైతే సగం వివాదాలు సంతకానికి ముందే తేలిపోతాయి.

మొదటి అడుగు: మీకు వర్తించే పత్రం ఏదో తేల్చుకోండి

నిర్వచనాలు సాధారణంగా చట్టంలోని 2వ సెక్షన్‌లోనో, నియమాల తొలి భాగంలోనో, ఒప్పందంలోని మొదటి క్లాజులోనో ఉంటాయి. అవి ఆ పత్రం వరకే పనిచేస్తాయి. ఒక చట్టంలోని అర్థాన్ని తెచ్చి మరో చట్టానికి అతికించడం చాలామంది చేసే పొరపాటు.

ఒకే పత్రంలో కూడా దగ్గర దగ్గరగా కనిపించే రెండు మాటలకు వేర్వేరు అర్థాలు ఉండవచ్చు. 2019లో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలనే చూడండి. వాటి ప్రకారం ‘పరిశోధనలో ఉన్న కొత్త ఔషధం’ అంటే ఏ దేశంలోనూ మార్కెట్ అనుమతి పొందని రసాయన లేదా జీవసంబంధ పదార్థం. ‘కొత్త ఔషధం’ అన్న మాట అంతకంటే చాలా విశాలమైనది. ఇప్పటికే అనుమతి ఉన్న మందును కొత్త జబ్బుకో, కొత్త మోతాదులోనో, శరీరంలోకి పంపే కొత్త మార్గంలోనో వాడాలని ప్రతిపాదిస్తే అది కూడా ‘కొత్త ఔషధం’ కిందికే వస్తుంది. అంటే దుకాణంలో ఏళ్ల తరబడి దొరుకుతున్న మాత్ర కూడా, వాడే పని మారితే, నియమాల దృష్టిలో మళ్ళీ కొత్తదవుతుంది.

రెండో అడుగు: నిర్వచనం దేన్ని కొలుస్తోందో పట్టుకోండి

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన అడుగు ఇదే. ఈ నిర్వచనాలు నాలుగైదు రకాల కొలతల్లో ఏదో ఒకదాన్ని, లేదా రెండు మూడింటిని కలిపి వాడతాయి.

కొన్ని వాడే ఉద్దేశాన్ని కొలుస్తాయి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ‘ఎక్స్‌పెరిమెంటల్’ అనే ధ్రువపత్రాన్ని ఇచ్చేది పరిశోధన, అభివృద్ధి, ప్రదర్శన, వైమానిక పందేలు, మార్కెట్ సర్వే వంటి నిర్దిష్ట ప్రయోజనాలకు. సొంత విజ్ఞానం కోసమో, వినోదం కోసమో ఔత్సాహికులు అధిక భాగం తామే కట్టుకున్న విమానాలు కూడా ఈ వర్గంలోకే వస్తాయి. అలాంటి విమానాలు కొన్ని నమూనాల్లో వేల సంఖ్యలో దశాబ్దాలుగా ఎగురుతున్నాయి. సాంకేతికంగా వాటిలో కొత్తదనం పెద్దగా లేదు, అయినా హోదా మాత్రం ‘ఎక్స్‌పెరిమెంటల్’. ఎందుకంటే అక్కడ కొలత కొత్తదనం కాదు, తయారీ విధానమూ వాడే ఉద్దేశమూ. అందుకు తగ్గట్టే ఆంక్షలూ ఉన్నాయి. డబ్బు తీసుకొని ప్రయాణికులను గానీ సరుకును గానీ తీసుకువెళ్లకూడదు. ఎక్కే ప్రతి వ్యక్తికీ అది ప్రయోగాత్మక విమానమని ముందే చెప్పాలి.

మరికొన్ని నిర్వచనాలు మనిషిని, స్థలాన్ని కొలుస్తాయి. మన దేశంలో 2021 ఆగస్టు 25న నోటిఫై అయిన డ్రోన్ నియమాలు పరిశోధన, అభివృద్ధి, పరీక్షల కోసం ఎగరవేసే డ్రోన్లకు టైప్ సర్టిఫికెట్ (ఆ మోడలు నిర్ణీత ప్రమాణాలకు సరిపోతుందన్న ధ్రువపత్రం), విశిష్ట గుర్తింపు సంఖ్య, ముందస్తు అనుమతి, రిమోట్ పైలట్ లైసెన్సు (2022 నుంచి దీని పేరు రిమోట్ పైలట్ సర్టిఫికెట్) అక్కర్లేదని చెప్పాయి. అయితే ఆ సడలింపు అందరికీ కాదు. ప్రభుత్వ అజమాయిషీలోనో గుర్తింపుతోనో ఉన్న పరిశోధన సంస్థలు, విద్యాసంస్థలు, కేంద్రం గుర్తించిన స్టార్టప్‌లు, అధీకృత పరీక్షా సంస్థలు, జీఎస్టీ సంఖ్య ఉన్న డ్రోన్ తయారీదారులు మాత్రమే దీనికి అర్హులు. అదీ గ్రీన్ జోన్‌లో (డ్రోన్లు ఎగరవేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేని గగనతలంలో), తమ ప్రాంగణంలో లేదా తమ అధీనంలో ఉన్న ఖాళీ స్థలంలో ఎగరవేసినప్పుడే. అదే డ్రోనును అదే ఇంజనీరు పక్క ఊరి చేను మీద కూలికి మందు చల్లడానికి వాడితే ఆ సడలింపు వర్తించదు.

వాడేవారి సంఖ్యనూ గడువునూ కలిపి కొలిచేవి మూడో రకం. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టంలో 27వ సెక్షన్ ‘రెగ్యులేటరీ శాండ్‌బాక్స్’ను ఇలాగే నిర్వచించింది. కొత్త ఉత్పత్తులను, సేవలను, ప్రక్రియలను, వ్యాపార నమూనాలను పరిమిత సంఖ్యలోని వినియోగదారుల మీద, నిర్ణీత కాలం పాటు, చట్టంలోని కొన్ని సడలింపులతో నిజమైన వాతావరణంలో పరీక్షించే ఏర్పాటు అది. ‘పరిమిత’, ‘నిర్ణీత’ అన్న రెండు మాటలే ఇక్కడ నిర్వచనానికి ప్రాణం. ఆ హద్దులు దాటిన మరుక్షణం ఆ సేవ మామూలు సేవే.

నాలుగో రకం, సామాన్యుడిని అన్నిటికంటే ఎక్కువగా తాకేది, ఆధారాన్ని కొలుస్తుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఆరోగ్య బీమా మినహాయింపులను ప్రామాణికం చేసినప్పుడు 16వ కోడ్ కింద ‘నిరూపితం కాని చికిత్సలు’ అన్న మినహాయింపును చేర్చింది. సమర్థతను బలపరిచే గణనీయమైన వైద్య ఆధార పత్రాలు లేని చికిత్సలు, ప్రక్రియలు, సామగ్రి అని దాని అర్థం. ‘గణనీయమైన’ అన్న మాటకు అక్కడ కొలబద్ద లేదు. నా ఉద్దేశంలో రోగికి, బీమా కంపెనీకి మధ్య రేగే తగవుల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క విశేషణమే.

ఆ ఖాళీని కొంతవరకు పూడ్చడానికి అదే మార్గదర్శకాల్లో మినహాయించకూడని 12 ఆధునిక చికిత్సలను పేర్లతో సహా ఇచ్చారు. రోబోటిక్ శస్త్రచికిత్సలు, డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, నోటి ద్వారా తీసుకునే కీమోథెరపీ, మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్లతో ఇచ్చే ఇమ్యునోథెరపీ వాటిలో ఉన్నాయి. స్టెమ్ సెల్ థెరపీ కూడా ఉంది, కానీ అన్నిటికీ కాదు. రక్తసంబంధ వ్యాధుల్లో ఎముక మజ్జ మార్పిడికి వాడే రక్తోత్పాదక మూలకణాలకే ఆ రక్షణ పరిమితం. మీ క్లెయిము తిరస్కరణకు గురైతే ముందు ఈ జాబితా మీ పాలసీలో ఎలా ఉందో చూడండి. చికిత్స పేరు ఉందా, ఉంటే ఏ జబ్బుకు అని ఉందో సరిపోల్చండి. పేరు ఉన్నా పాలసీలో ఉపపరిమితి (ఆ చికిత్సకు చెల్లించే మొత్తం మీద విడిగా పెట్టిన హద్దు) ఉండవచ్చు కాబట్టి కవరేజీ పట్టికను కూడా చదవండి. జాబితాలో లేకపోతే చికిత్స చేసిన వైద్యుడి నుంచి ప్రచురితమైన అధ్యయనాలు, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పత్రం, వైద్య సంఘాల చికిత్సా మార్గదర్శకాలు తీసుకొని కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. అక్కడ పని జరగకపోతే బీమా ఫిర్యాదులను పరిష్కరించే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆ కార్యాలయాల్లో ఒకటి హైదరాబాద్‌లో ఉంది.

మూడో అడుగు: నిర్ణయించేది ఎవరో చూడండి

నిర్వచనం ఎంత చక్కగా ఉన్నా, అది వర్తిస్తుందో లేదో తేల్చే అధికారం ఎదుటి పక్షం చేతిలోనే ఉంటే దాని విలువ తగ్గిపోతుంది. ‘కంపెనీ అభిప్రాయంలో’, ‘సరఫరాదారు నిర్ణయం మేరకు’ వంటి మాటలు కనిపిస్తే ఆగండి. వాటి స్థానంలో ఇద్దరూ ఒప్పుకున్న స్వతంత్ర పరీక్షకుడినో, ఫలానా నియంత్రణ సంస్థ అనుమతినో, ఫలానా ప్రమాణాన్నో పెట్టమని అడగండి.

నాలుగో అడుగు: హోదా ఎప్పుడు ముగుస్తుందో వెతకండి

ముగింపు లేని ప్రయోగ దశను అంగీకరించడం ప్రమాదకరం, ఎందుకంటే సరఫరాదారు తన బాధ్యతను ఎన్నేళ్లయినా వాయిదా వేసుకోవడానికి అది దారి ఇస్తుంది. ముగింపును స్పష్టంగా రాయడం సాధ్యమేనని ఔషధ నియమాలు చూపిస్తాయి. కేంద్ర లైసెన్సింగ్ అధికారి అనుమతి ఇచ్చిన తేదీ నుంచి 4 ఏళ్ల పాటు మందు ‘కొత్త ఔషధం’గా ఉంటుంది, ఆ తర్వాత ఆ హోదా పోతుంది. కానీ వ్యాక్సిన్లు, మోనోక్లోనల్ యాంటీబాడీలు, స్టెమ్ సెల్ ఉత్పత్తులు, జన్యు చికిత్స ఉత్పత్తులు, నెమ్మదిగా మందును విడుదల చేసే రూపాలు వంటివాటిని ఎప్పటికీ కొత్త ఔషధాలుగానే పరిగణించాలని అదే నియమం చెబుతోంది. ఏది కాలంతో ముగుస్తుందో, ఏది ముగియదో విడివిడిగా చెప్పడమే అక్కడి మెచ్చదగిన సంగతి.

పరిశోధనకు ఉన్న మినహాయింపు ఎక్కడ తెగిపోతుందో కూడా చూడాలి. యూరోపియన్ యూనియన్ 2024 కృత్రిమ మేధ చట్టం మార్కెట్‌లోకి రాకముందు జరిగే పరిశోధన, పరీక్షలను తన పరిధి నుంచి తప్పించింది. అయితే నిజ జీవిత పరిస్థితుల్లో జరిపే పరీక్షలకు ఆ మినహాయింపు లేదని వెంటనే స్పష్టం చేసింది. అక్కడి సంస్థలకు సాఫ్ట్‌వేర్ రాసే తెలుగు ఇంజనీర్లు ఈ గీతను గుర్తుంచుకోవడం మంచిది.

అయిదో అడుగు: సడలింపు దేనికి, బాధ్యత ఎవరికి అన్నది విడదీయండి

ప్రయోగాత్మకం అన్న హోదా కొన్ని నిబంధనలను సడలిస్తుందే తప్ప జరిగిన నష్టాన్ని మాఫీ చేయదు. రిజర్వ్ బ్యాంక్ 2019 ఆగస్టులో ప్రకటించిన శాండ్‌బాక్స్ విధానంలో ఈ తేడా కనిపిస్తుంది. పరీక్ష కోసం కొన్ని సడలింపులు ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. కానీ వినియోగదారుల పట్ల బాధ్యత పరీక్ష నడిపే సంస్థదే, రిజర్వ్ బ్యాంకుది కాదు. తెలంగాణలో ‘మెడిసిన్స్ ఫ్రమ్ ద స్కై’ పేరుతో 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో మందులను, వ్యాక్సిన్లను డ్రోన్లతో పంపే పరీక్షలు మొదలైనప్పుడు కూడా, కేంద్ర పౌర విమానయాన శాఖ రాష్ట్రానికి ఇచ్చింది షరతులతో కూడిన మినహాయింపే. అలాంటి ఉత్తర్వు చదివేటప్పుడు మినహాయింపు వాక్యం కంటే దాని కింద ఉన్న షరతుల మీద ఎక్కువ సమయం పెట్టాలి.

ఒప్పందాల్లో ఇది మరీ ముఖ్యం. 1930 వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు తన అవసరం చెప్పి అమ్మేవాడి నైపుణ్యం మీద ఆధారపడితే, ఆ పనికి వస్తువు తగినదై ఉండాలన్న షరతు రాయకపోయినా ఉన్నట్టే. 62వ సెక్షన్ ప్రకారం ఇరుపక్షాలూ స్పష్టంగా ఒప్పుకొని దాన్ని తొలగించుకోవచ్చు. ‘ఇది ప్రయోగాత్మకం, ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం’ అన్న వాక్యం చేసే పని అదే. కాబట్టి ఆ వాక్యాన్ని ఒప్పుకుంటే ధర తగ్గాలి, లేదా గడువు చిన్నదవ్వాలి, లేదా నష్టానికి బీమా ఉండాలి. ఇక వినియోగదారుల విషయానికి వస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం లోపభూయిష్టమైన డిజైనుకు, సరైన హెచ్చరికలు ఇవ్వకపోవడానికి తయారీదారుడిని బాధ్యుడిని చేస్తుంది. అసమంజసమైన ఒప్పందాలను రాష్ట్ర, జాతీయ కమిషన్ల ముందు ప్రశ్నించే వీలు కూడా కల్పించింది.

ఆరో అడుగు: మీ ఒప్పందంలో నిర్వచనం రాయండి

‘ప్రయోగాత్మక సాంకేతికత అంటే ఇంకా పూర్తిగా నిరూపితం కానిది’ అని రాస్తే ఏమీ రాయనట్టే. నాసా 1970లలో మొదలుపెట్టిన, ఇప్పుడు 9 మెట్లుగా వాడుకలో ఉన్న సాంకేతిక సంసిద్ధత స్థాయిలు, అంటే ఒక సాంకేతికత వాడకానికి ఎంతవరకు సిద్ధమైందో చెప్పే కొలమానం, ఇక్కడ పనికొస్తాయి. 6వ స్థాయి అంటే తగిన వాతావరణంలో నమూనాను ప్రదర్శించి చూపడం, 7వది అంటే నిజంగా పనిచేయవలసిన వాతావరణంలోనే చూపడం, 9వది అంటే అసలు పనిలో విజయవంతంగా నిరూపితం కావడం. అయితే అంకె ఒక్కటే రాస్తే చాలదు. అనంతపురం ఎండలో పనిచేసిన సెన్సారు కోనసీమ తేమలో పనిచేస్తుందని హామీ లేదు కాబట్టి, ఏ వాతావరణంలో ఆ స్థాయో కూడా రాయాలి.

ఒక రైతు ఉత్పత్తిదారుల సంస్థ నేల తేమను బట్టి నీరు వదిలే వ్యవస్థను పరీక్షకు తీసుకుంటోందనుకుంటే, క్లాజు ఇలా ఉండవచ్చు:

“ఈ ఒప్పందంలో ‘ప్రయోగాత్మక వ్యవస్థ’ అంటే అనుబంధం 1లో పేర్కొన్న మోడలు పరికరం, దానిలోని పేర్కొన్న వెర్షన్ సాఫ్ట్‌వేర్, అదీ అనుబంధం 2లోని సర్వే నంబర్లలో, నీటి విడుదల నియంత్రణకు వాడినంత మేరకు మాత్రమే. అనుబంధం 3లోని అంగీకార పరీక్షల్లో వ్యవస్థ నెగ్గిందని ఇరుపక్షాలు నియమించిన పరీక్షకుడు ధ్రువీకరించిన రోజు, లేదా ఒప్పందం మొదలైన నాటి నుంచి రెండు పంటకాలాలు ముగిసే రోజు, ఏది ముందైతే ఆ రోజున ఈ హోదా ముగుస్తుంది. ఆ హోదా ఉన్నంతకాలం వ్యవస్థ లోపం వల్ల పంటకు జరిగిన నష్టాన్ని అనుబంధం 4లోని పరిమితి వరకు సరఫరాదారు భరిస్తాడు.”

వస్తువు, స్థలం, పని, నిర్ణేత, ముగింపు, నష్టం, ఆరూ ఇందులో ఉన్నాయి. నిర్ణీత గడువుకు పరీక్షల్లో నెగ్గకపోతే ఏమవుతుందో వేరే క్లాజులో రాయండి: పరికరం వెనక్కి తీసుకుంటారా, డబ్బు తిరిగి ఇస్తారా, పొడిగింపుకు ఇద్దరి సంతకం కావాలా. మధ్యలో సాఫ్ట్‌వేర్ మారితే పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చేయాలో లేదో కూడా తేల్చుకోండి, ఎందుకంటే వెర్షన్ మారిన వ్యవస్థకు పాత ఫలితాలు సాక్ష్యం కావు. ఆ పొలాల్లో పనిచేసే కూలీలకు, ఒప్పందంలో వారు పక్షం కాకపోయినా, అక్కడ పరీక్ష నడుస్తోందని తెలుగులో రాసిన బోర్డు పెట్టే బాధ్యతను సరఫరాదారు మీద ఉంచండి. పరికరం ఆగిన ప్రతిసారీ తేదీ, సమయం, కారణంతో ఒక రిజిస్టరులో నమోదు చేసి, నెలకోసారి ఇద్దరూ సంతకం చేయాలని షరతు పెట్టండి. హోదా ముగిసిందా లేదా అని పరీక్షకుడు తేల్చవలసిన రోజున ఆయన ముందు ఉండవలసిన పత్రం అదే.