టెండరు కవర్లు విప్పే ముందు జాగ్రత్తలు

అనంతపురం జిల్లాలోని ఏ పంచాయతీలోనైనా సిమెంటు రోడ్డు పనికి వచ్చిన కవర్లు విప్పే ముందు, వాటి మీది పేర్లను కమిటీలోని ప్రతి ఒక్కరూ చదివి, తమ బావమరిది, వియ్యంకుడు, కౌలుదారు, అప్పిచ్చినవారు ఎవరైనా ఉన్నారేమో చూసుకోవాలి. ఉంటే ఆ సంగతిని రాతపూర్వకంగా తెలిపి మినిట్స్ పుస్తకంలో ఎక్కించాలి. పల్లెలో అందరూ చుట్టాలేనన్న సాకు ఇక్కడ చెల్లదు.

అసలు చిక్కు బినామీలతోనే. లైసెన్సు ఒకరిది, పని చేసేది మరొకరు అయినప్పుడు జేసీబీ, టిప్పర్లు ఎవరివో కూడా విచారించడం మంచిది.

సంబంధమున్న సభ్యుడు ఓటు మానుకుంటే చాలదు, చర్చ ముగిసేదాకా గది బయటే ఉండాలి. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ కాంట్రాక్టులో వాటా ఉంటే పదవికే ముప్పు. ఉద్యోగులు 1964 నాటి ప్రవర్తనా నియమావళిని చూసుకోవాలి. ఎం బుక్‌లో (పని కొలతల పుస్తకంలో) కొలతలు రాసే ఇంజనీరుకూ ఈ జాగ్రత్తలు తప్పవు.