కెమెరా సామగ్రికి చక్రాల పెట్టె ఎంచుకోవడం ఎలా?

రెండు కెమెరా బాడీలు, నాలుగు లెన్సులు, రెండు ఫ్లాష్‌లు, వాటి బ్యాటరీలు, చార్జర్లు ఒకే సంచిలో సర్దితే బరువు ఎనిమిది కిలోలు సులువుగా దాటుతుంది. పెళ్లి ఫొటోలు తీసేవారు ఆ బరువు భుజాన వేసుకుని సాయంత్రం ఎదురుకోలు దగ్గర మొదలుపెడితే, తెల్లవారుజాము ముహూర్తం దాటి అప్పగింతలు అయ్యేవరకు కాళ్ల మీదే ఉండాలి. కొన్నేళ్లు అలా గడిస్తే భుజమూ నడుమూ రెండూ దెబ్బతింటాయి కనుక చక్రాల పెట్టె కొనడం మంచి నిర్ణయమే. అయితే చాలామంది "లోపల ఎంత పడుతుంది?" అన్న ఒక్క ప్రశ్నతోనే కొంటారు. నేనూ మొదటిసారి అలాగే కొన్నాను. పెట్టెలో అన్నీ పట్టాయి కానీ, నిండిన పెట్టెను రైల్వే స్టేషన్ మెట్ల మీద ఒక్కడినే ఎత్తలేకపోయాను. ఖాళీ పెట్టె బరువు, చక్రాల తీరు, మీరు వెళ్లే దారి, ఈ మూడూ చూసిన తరువాతే లోపలి చోటు గురించి ఆలోచించాలని అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను.

మొదట సామాను కొలవండి, తూచండి

నేల మీద దుప్పటి పరిచి, ఒక పనికి మీరు నిజంగా తీసుకెళ్లే వస్తువులను మాత్రమే దాని మీద పెట్టండి. వంటింటి కాటా మీద ఒక్కొక్కటీ తూచి కాగితం మీద రాసుకోండి. ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీలు చాలావరకు 650 గ్రాముల అటూఇటూ ఉంటాయి. దూరపు దృశ్యాలను దగ్గరగా తీసే ఎఫ్ 2.8 రకం 70-200 లెన్సు మాత్రం కంపెనీని బట్టి ఒక కిలో నుంచి కిలోన్నర దాకా తూగుతుంది, పొడవు చాలావాటిలో 20 సెంటీమీటర్ల అటూఇటూ ఉంటుంది. పెట్టె లోపలి కొలతలను నిర్ణయించేది ఈ పొడవైన లెన్సే కనుక, దానిని పడుకోబెట్టి ఒకసారి, బాడీకి బిగించి ఒకసారి కొలవండి. రేపు కొనబోయే మరో లెన్సుకు చోటు ఉంచుకుంటే చాలు. అంతకంటే పెద్ద పెట్టె తీసుకుంటే ఖాళీ చోట్లలోకి అవసరం లేని వస్తువులు చేరిపోతాయి, ఆ బరువు ప్రతి ప్రయాణంలోనూ మీరే మోయాలి.

ఎక్కువగా ఏ దారిన వెళతారో తేల్చుకోండి

విమాన ప్రయాణాలు చేసేవారికి ఈ లెక్క చాలా ముఖ్యం. ఇండిగోలో ఎకానమీ ప్రయాణికుడు చేతి సామానుగా 55×35×25 సెంటీమీటర్ల లోపు ఉండే 7 కిలోల పెట్టెను తీసుకెళ్లవచ్చు. మిగతా సంస్థల కొలతల్లో కొద్దిగా తేడా ఉంటుంది కనుక టికెట్ కొనేటప్పుడే చూసుకోవాలి. చక్రాలు, పైపిడి కూడా ఆ కొలతలోకే వస్తాయన్నది మరచిపోవద్దు. పెలికన్ 1510 గట్టి పెట్టె పేరున్నదే, క్యాబిన్ కొలతకు దగ్గరగా చేసినదే. కానీ లోపల ఏమీ లేకుండానే అది 5 కిలోలు దాటుతుంది, ఫోమ్‌తో కలిపి 6 కిలోలకు చేరుతుంది. ఏడు కిలోల నియమాన్ని గట్టిగా అమలు చేసేచోట మీ కెమెరాకు మిగిలేది ఒక్క కిలో మాత్రమే. మూడున్నర కిలోల మెత్తటి ట్రాలీ బ్యాగ్ అయితే మరో మూడున్నర కిలోల సామాను పడుతుంది. అందుకని ఎక్కువగా విమానాల్లో తిరిగేవారు తేలికైన బ్యాగ్‌ను చేతి సామానుగా ఉంచుకుని, స్టాండ్లు, ట్రైపాడ్, ఫ్లాష్‌లను గట్టి పెట్టెలో చెక్-ఇన్‌కు ఇవ్వడం మేలు.

విడి లిథియం బ్యాటరీలను మాత్రం చెక్-ఇన్ పెట్టెలో ఎప్పుడూ పెట్టకూడదు, అవి మీతోపాటు క్యాబిన్‌లోనే రావాలి. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. 7.2 వోల్టులు, 2,130 ఎంఏహెచ్ (అంటే 2.13 ఆంపియర్-అవర్లు) ఉన్న కెమెరా బ్యాటరీ సుమారు 15 వాట్-అవర్లే కనుక ఇబ్బంది లేదు. వీడియో లైట్లకు వాడే పెద్ద బ్యాటరీలు 100 దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి, 160 దాటితే ప్రయాణికుల సామానులో తీసుకెళ్లనివ్వరు. కనుక ఈ బ్యాటరీలు చేతికందేలా విడి అర ఉన్న పెట్టెనే చూడండి.

రైలు ప్రయాణాలైతే థర్డ్ ఏసీ, ఏసీ చైర్ కార్‌లలో పెట్టె 55×45×22.5 సెంటీమీటర్లు మించకూడదన్నది నియమం. బెర్తు కింద పట్టాలంటే కూడా పెట్టె మందం తక్కువ ఉండాలి. కారు డిక్కీలోనే తిరిగే పెట్టెకు ఈ బాధలు ఉండవు.

చక్రాలను తిప్పి, లాగి, వంగి చూడండి

దుకాణంలో నున్నటి టైల్స్ మీద ఖాళీ పెట్టె ఎవరు లాగినా సాఫీగానే జారుతుంది. మీ సామాను బరువుకు సరిపడా నీళ్ల సీసాలు అందులో వేసి, దుకాణం బయట రోడ్డు మీద లాగి చూపించమని మొహమాటం లేకుండా అడగండి. నాలుగు చిన్న చక్రాల రకం విమానాశ్రయాల్లో హాయిగా ఉంటుంది. కంకర దారిలో, సిమెంటు రోడ్డు అతుకుల దగ్గర మాత్రం ఆ చక్రాలు ఇరుక్కుంటాయి, వాలు ఉన్నచోట పెట్టె దానంతట అదే కదిలిపోతుంది. మన ఊళ్లలో తిరిగేవారికి సగం చక్రం పెట్టె అడుగులోకి ఒదిగి ఉండే రెండు చక్రాల రకమే మంచిదని నా అభిప్రాయం. చక్రం ఎంత పెద్దదైతే గుంటను అంత తేలిగ్గా దాటుతుంది. చక్రాలు గట్టి ప్లాస్టిక్‌వి కాకుండా పాలీయురేథేన్‌తో చేసినవై ఉండాలి, లోపల బాల్ బేరింగులు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా చక్రాన్ని రివెట్‌తో కాక స్క్రూతో బిగించి ఉండాలి, అప్పుడే అరిగిపోయినా పెట్టె పారేయకుండా చక్రం ఒక్కటే మార్చుకోవచ్చు.

కళ్యాణ మండపాల్లో తిరిగే పెట్టెకు ఇంకో శత్రువు ఉంది. నేల మీద పడిన పూలదండల దారం ఇరుసుకు చుట్టుకుని, దానిలో అక్షింతలు ఇరుక్కుని, పసుపు తడితో కలిసి గట్టిపడుతుంది. ఒక రాత్రి మా పెట్టె చక్రం తిరగడం మానేసి నేల మీద ఈడ్చుకుపోయింది. ఇంటికి వచ్చి బోర్లించి చూస్తే చక్రంలో ఒక వైపు చెక్కినట్టు బల్లపరుపుగా అరిగిపోయి ఉంది. చిన్న కత్తెర మొన ఇరుసు దాకా చేరేంత సందు ఉన్న చక్రమైతే ఆ దారాన్ని రెండు నిమిషాల్లో కత్తిరించి తీసేయవచ్చు.

మరో మాట. ఎంత మంచి చక్రమైనా గతుకుల నేల మీద అదురును లోపలికి పంపుతుంది, ఆ అదురుకు లెన్సుల్లోని సన్నని స్క్రూలు క్రమంగా వదులవుతాయి. రాళ్ల దారి వచ్చినప్పుడు పెట్టెను చేత్తో ఎత్తుకోవాలి. అందుకే పక్కన కూడా బలమైన పిడి ఉందో లేదో చూడండి.

గట్టి పెట్టెనా, మెత్తటి బ్యాగా?

వానలో, పడవ మీద, లారీ సామాను మధ్య వెళ్లేవారికి గట్టి పెట్టె తప్పదు. మూత చుట్టూ రబ్బరు వలయం, గాలి పీడనాన్ని సరిచేసే వాల్వ్ ఉన్న ఐపీ67 రకంలోకి దుమ్ము చేరదు, మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తడి చేరదు. మిగతావారికి తేలికైన మెత్తటి ట్రాలీ బ్యాగే సరిపోతుంది. జిప్ కుట్ల గుండా నీరు దిగుతుంది కనుక దానితోపాటు వాన తొడుగు ఇస్తున్నారో లేదో అడగండి.

లోపలి అమరిక

తుంచి తీసే ఫోమ్ ఒకసారి తుంచితే మళ్లీ అతకదు, లెన్సు మారిస్తే కొత్తది కొనాలి. వెల్క్రోతో అతికే మెత్తటి అడ్డుగోడలను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. మెత్తటి బ్యాగుల్లో పిడి కడ్డీలు లోపలి నుంచే వెళతాయి, అవి ఉన్నచోట లోతు తగ్గుతుంది. కేటలాగు అంకెను నమ్మకుండా మీ పొడవైన లెన్సును దుకాణానికి తీసుకెళ్లి పెట్టి చూడండి. పిడిని పూర్తిగా పైకి లాగి, నిండు పెట్టెతో పది అడుగులు నడవండి. అది ఊగుతూ ఉంటే ఆ పెట్టె వద్దు. తాళం మామూలుదైనా చాలు, అమెరికా వెళ్లేవారు మాత్రం టీఎస్ఏ (అక్కడి రవాణా భద్రతా సంస్థ) ఆమోదించిన తాళం ఉన్నది తీసుకుంటే తనిఖీ అధికారులు పగలగొట్టకుండా తెరవగలుగుతారు.

సర్దేటప్పుడు బరువైన లెన్సులు చక్రాల వైపు, తేలికైనవి పైపిడి వైపు ఉండాలి. లేకపోతే నిలబెట్టిన పెట్టె ముందుకు తూలుతుంది. పని ముగిసి ఇంటికి రాగానే కెమెరాలు, లెన్సులు బయటికి తీసి, 40 నుంచి 50 శాతం తేమ ఉండే డ్రై క్యాబినెట్‌లో పెట్టండి. ఫోమ్ తేమను పట్టి ఉంచుతుంది, మూసిన పెట్టెలో వానాకాలమంతా ఉంచిన లెన్సుకు ఫంగస్ పడుతుంది. ఖాళీ పెట్టెను మూత తెరిచి, నీడలో గాలి తగిలేచోట ఆరబెట్టండి.