గట్ మైక్రోబయోమ్ పరిశోధన వార్తను ఎలా చదవాలి?

మన పేగుల్లో బతికే సూక్ష్మజీవులన్నిటినీ కలిపి గట్ మైక్రోబయోమ్ అంటారు. వాటిలో ఫలానా బ్యాక్టీరియా వల్లే లావెక్కుతున్నారట, ఇంకోటి తగ్గితే డిప్రెషన్ వస్తుందట అని ఒక వార్త వస్తుంది. సాయంత్రానికి నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. మర్నాటికి ఎవరో ఒకరు అది నమ్మి వేసుకుంటున్న మందు మానేస్తారు, లేదా ఖరీదైన క్యాప్సూల్స్ ఆర్డరు పెట్టేస్తారు. ఇది చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నాను. ఇలాంటి వార్తను సరిగ్గా చదవడానికి డాక్టరు చదువు అక్కర్లేదు, ఒక వరుస పాటిస్తే చాలు. వరుస మాత్రం మార్చకండి.

కావలసినవి

అసలు పరిశోధన పత్రం, ఒక తెల్ల కాగితం, ఎర్ర పెన్ను. పత్రం పేరు వార్త చివర్లో ఉంటుంది. లేకపోతే ఆ వార్తను అక్కడే వదిలేయండి. పేరును పబ్‌మెడ్‌లో, అంటే వైద్య పరిశోధన పత్రాల ఆన్‌లైన్ జాబితాలో వెతికితే సారాంశం ఉచితంగా దొరుకుతుంది, చాలాసార్లు పూర్తి పత్రం కూడా దొరుకుతుంది. ప్రింట్ తీసుకోండి. ఫోన్‌లో చదవకూడదు. ఫోన్‌లో వేలు దానంతటదే ముగింపు దగ్గరికి జారిపోతుంది, ముగింపు ముందే చదివినవాడికి మిగతా పత్రమంతా దానికి సాక్ష్యంలాగే కనిపిస్తుంది.

మొదటి మెట్టు: ఎవరి మీద, ఎంతమంది, ఎన్నాళ్లు

నేరుగా 'పద్ధతులు' (Methods) అనే భాగానికి వెళ్లండి. ఎలుకలా, మనుషులా? మనుషులైతే ఎంతమంది, ఎన్నాళ్లు? కాగితం పైన రాసుకోండి. రెండు నిమిషాల పని.

2014లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చిన సాకరిన్ పరిశోధన గుర్తుందా? కృత్రిమ తీపి పదార్థాలు పేగు బ్యాక్టీరియాను మార్చి రక్తంలో చక్కెరను పెంచుతాయని పెద్ద గోల జరిగింది. ఆ పత్రంలో ఎక్కువ భాగం ఎలుకల మీదే. మనుషులకు సాకరిన్ ఇచ్చి చూసిన భాగంలో ఉన్నది 7 మంది, అదీ ఒక వారం. వారిలో నలుగురికే తేడా కనిపించింది. అలాగని చిన్న ప్రయోగం కాబట్టి తప్పని కొట్టిపారేయడం కూడా తొందరపాటే. 2022లో అక్కడివారే 120 మందితో మళ్లీ చేశారు. సాకరిన్, సుక్రలోజ్ తీసుకున్న గుంపుల్లో గ్లూకోజ్ స్పందన, అంటే తీపి తిన్నాక రక్తంలో చక్కెరను అదుపుచేసే తీరు దెబ్బతింది, అస్పర్టేమ్, స్టీవియా గుంపుల్లో అలా జరగలేదు. అంటే 2014లో వచ్చింది సూచన. దాన్ని అప్పుడే తీర్పుగా అచ్చేశారు.

రెండో మెట్టు: ఏం కొలిచారు

దాదాపు ఎప్పుడూ మలం శాంపిలే. పేగు గోడకు అంటుకుని ఉన్నవాటి గురించీ, చిన్న పేగు గురించీ అది చెప్పేది తక్కువ. ఇంకో సంగతి, పత్రంలో కనిపించే శాతాలు సాధారణంగా వాటాలే, లెక్కలు కావు. గదిలో పది మంది ఉంటే అందులో ఇద్దరు టీచర్లు అనుకోండి. మిగతావాళ్లలో ఐదుగురు బయటికి వెళ్లిపోతే టీచర్ల వాటా 20 నుంచి 40 శాతానికి ఎగబాకుతుంది, కొత్తగా ఒక్క టీచరూ రాకుండానే. 'ఫలానా బ్యాక్టీరియా రెట్టింపయింది' అన్న చోట మొత్తం బ్యాక్టీరియాను లెక్కపెట్టారా అని చూడండి. లెక్కపెట్టకపోతే ఆ వాక్యం పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

ఒక అడ్డదారి పరీక్ష కూడా చెబుతాను. మన కణాల కన్నా బ్యాక్టీరియా పది రెట్లు ఎక్కువ అని వార్తలో కనిపిస్తే, రాసినవారు పాత వ్యాసాల నుంచి ఎత్తి రాశారని అర్థం. రాన్ మిలో అనే శాస్త్రవేత్త బృందం 2016లో ఆ లెక్కను మళ్లీ వేసింది. బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, మన కణాలు సుమారు 30 లక్షల కోట్లు. ఆ బ్యాక్టీరియా మొత్తం బరువు 200 గ్రాములు.

మూడో మెట్టు: బాణం ఎటువైపు

అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. మిగతా మెట్లు హడావిడిగా ఎక్కినా ఫర్వాలేదు, ఇక్కడ మాత్రం కూర్చోండి.

కాగితం మీద మూడు బొమ్మలు గీయాలి. మొదటి దాంట్లో బ్యాక్టీరియా నుంచి జబ్బుకు బాణం. రెండో దాంట్లో జబ్బు నుంచి బ్యాక్టీరియాకు బాణం. మూడో దాంట్లో ఇంకేదో ఒకటి రాసి, దాని నుంచి రెండింటికీ బాణాలు. వార్త ఎప్పుడూ మొదటి బొమ్మే చూపిస్తుంది. మిగతా రెండూ ఎందుకు కాకూడదో పత్రంలో వెతకడమే మీ పని. మూడో బొమ్మలోని 'ఇంకేదో' ఖాళీగా వదలకూడదు. మందు, తిండి, మలం గట్టిదనం, వయసు, ఇటీవల వాడిన యాంటీబయాటిక్ అని పేర్లు పెట్టి రాయండి. పేరు పెట్టనిదాన్ని వెతకలేం.

మందుతో మొదలుపెడదాం. టైప్ 2 మధుమేహం ఉన్నవారి పేగు బ్యాక్టీరియా వేరుగా ఉంటుందని 2012లో చైనా బృందం, 2013లో స్వీడన్ బృందం ప్రకటించాయి. తమాషా ఏమిటంటే, ఆ రెండూ చూపిన తేడాలు ఒకదానితో ఒకటి సరిగ్గా పొసగలేదు. 2015లో డెన్మార్క్, స్వీడన్, చైనాలకు చెందిన 784 మంది డేటాను కలిపి, మెట్‌ఫార్మిన్ అనే మధుమేహం మాత్ర వేసుకునేవారిని వేరుచేసి చూశారు. జబ్బువని అనుకున్న తేడాల్లో చాలావరకు ఆ మాత్రవేనని తేలింది. అన్నీ కొట్టుకుపోలేదు. బ్యూటిరేట్ (పేగుకు మేలుచేసే ఒక కొవ్వు ఆమ్లం) తయారుచేసే బ్యాక్టీరియా తగ్గడం మాత్రం మందు వాడనివారిలోనూ కనిపించింది. అందుకే పత్రంలో 'మందులు' అన్న మాట ఎక్కడుందో ఎర్ర పెన్నుతో వెతకమంటాను. ఎక్కడా లేకపోతే ఇక ముందుకు చదవక్కర్లేదు.

తిండి సంగతి ఇంకా చిక్కు. ఆటిజానికి పేగు బ్యాక్టీరియా కారణమన్న ప్రచారం నమ్మి తల్లిదండ్రులు చాలా డబ్బు పోగొట్టుకుంటున్నారు. 2021లో ఆస్ట్రేలియాలో 247 మంది పిల్లల మీద చేసిన పరిశోధన బాణాన్ని అటు నుంచి ఇటు తిప్పింది. ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది కొన్ని రకాల తిండే ఇష్టపడతారు, ఆ తక్కువ రకాల తిండి వల్ల పేగు బ్యాక్టీరియాలో వైవిధ్యం తగ్గుతుంది అన్నది వాళ్ల డేటా చెప్పిన కథ. ఆటిజానికీ బ్యాక్టీరియాకూ నేరుగా ఉన్న సంబంధం చాలా బలహీనం. చెట్టు ముందా విత్తు ముందా అన్న ప్రశ్న వేయకుండా ఇలాంటి పత్రాన్ని చదివితే వచ్చే నష్టం పిల్లల మీద పడుతుంది.

మలం గట్టిదనం అంటే నవ్వుతారు గానీ, బెల్జియంలో వెయ్యిమందికి పైగా శాంపిల్స్ తీసుకుని 2016లో ప్రచురించిన ఫ్లెమిష్ పరిశోధనలో, మనిషికీ మనిషికీ మధ్య పేగు బ్యాక్టీరియా తేడాలను వివరించినవాటిలో అన్నిటికన్నా ముందు నిలిచింది అదే. మలబద్ధకం ఉన్న గుంపునూ లేని గుంపునూ పోల్చి, తేడా అంతా జబ్బుదే అంటే ఎలా నమ్ముతాం?

'ఈ అంశాలన్నిటినీ గణాంకాల్లో సరిచేశాం' అని పత్రంలో ఉంటే సంతోషపడండి, కానీ పూర్తిగా వద్దు. వాళ్లు నమోదు చేసినవాటినే సరిచేయగలరు. గత సంవత్సరం ఏం తిన్నారో ఫారంలో గుర్తుచేసుకుని నింపమంటే ఎంత నిజం రాస్తారో మీకే తెలుసు.

ఇక ఎలుకల మార్పిడి ప్రయోగాలు. మనిషి మలాన్ని బ్యాక్టీరియా లేని ఎలుకలకు ఎక్కించి, జబ్బు కూడా వచ్చింది కాబట్టి బ్యాక్టీరియాయే కారణం అంటారు. ఒకరు లావుగా, ఒకరు సన్నగా ఉన్న కవలల మలంతో 2013లో చేసిన ప్రయోగం వీటిలో బాగా పేరుపడ్డది. అది మంచి ప్రయోగమే. అందులోనే సన్నవారి బ్యాక్టీరియా వేరే ఎలుకల్లో పాతుకుపోవాలంటే తిండి కూడా అనుకూలంగా ఉండాలని తేలింది, వార్తల్లో మాత్రం ఆ ముక్క ఎగిరిపోయింది. అయితే 2020లో ఇలాంటి 38 పత్రాలను ఒకచోట పెట్టి చూస్తే 36 పత్రాలు జబ్బు ఎలుకకు అంటుకుందనే రాశాయి. మనుషుల జబ్బులన్నీ ఇంత సులువుగా ఎలుకలకు దిగుతాయా? ఆ సమీక్షకులకు అనుమానం వచ్చింది, మీకూ రావాలి. ఇంకో మెలిక ఉంది. ఒకే బోనులోని ఎలుకలు ఒకదాని రెట్ట ఇంకొకటి తింటాయి, దాంతో వాటి బ్యాక్టీరియా కలిసిపోతుంది. అందుకని ఎలుకల సంఖ్యను కాదు, బోనుల సంఖ్యను, మలం ఇచ్చిన మనుషుల సంఖ్యను రాసుకోవాలి. నలభై ఎలుకలని ఘనంగా ఉన్న చోట మలం ఇచ్చినవారు ఇద్దరే కావచ్చు.

బాణం నిజంగా మొదటి బొమ్మలోలా ఉన్న సందర్భాలూ ఉన్నాయి. క్లాస్ట్రిడియోయిడ్స్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల తీవ్రమైన విరేచనాలు తెచ్చే ఇన్ఫెక్షన్ పదే పదే తిరగబెడుతున్నవారిని చీటీ వేసినట్టు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు ఆరోగ్యవంతుల మలం ఎక్కించారు. 2013లో వచ్చిన ఆ ఫలితంలో 16 మందిలో 13 మందికి మొదటి విడతకే తగ్గింది. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రమే తీసుకున్న 13 మందిలో నలుగురికే తగ్గింది. బ్యాక్టీరియాను మార్చారు, జబ్బు మారింది, పోల్చడానికి పక్కన ఇంకో గుంపు ఉంది. నమ్మదగ్గ బాణం ఇలా ఉంటుంది. మీ చేతిలోని పత్రాన్ని దీని పక్కన పెట్టి చూడండి.

ఇదంతా ఎందుకు, ఎవరో నిపుణుడి వీడియో చూస్తే సరిపోదా అంటారు. సరిపోదు. వీడియోలో ఆయన గీసుకున్న బాణం మీకు కనిపించదు. చాట్‌బాట్‌కు ఇచ్చి సారాంశం అడగడం ఇంకా చెత్త పని, అది చాలాసార్లు రచయితల ముగింపునే మళ్లీ చెబుతుంది.

నాలుగో మెట్టు: తిండి ప్రయోగమైతే

పోలిక ఎవరితో, ఎన్ని వారాలు అని చూడండి. 2021లో స్టాన్‌ఫోర్డ్ బృందం 36 మందిని రెండు గుంపులు చేసి 10 వారాలు తిండి మార్పించింది. పులియబెట్టిన ఆహారం తిన్నవారిలో బ్యాక్టీరియా వైవిధ్యం పెరిగింది, ఇన్ఫ్లమేషన్‌తో (ఒంట్లోని వాపు స్పందనతో) ముడిపడిన 19 ప్రొటీన్లు తగ్గాయి. పీచు ఎక్కువగా తిన్న గుంపులో ఆ వ్యవధిలో వైవిధ్యం పెరగలేదు. దాంతో కొందరు పీచు దండగ అని తేల్చేశారు. పీచు తినడానికి మైక్రోబయోమ్ సాక్ష్యం అసలు అవసరమే లేదు. రోజుకు 25 నుంచి 29 గ్రాములు తినేవారిలో గుండెజబ్బు మరణాలు తక్కువని 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద సమీక్ష చూపించింది. అందులో 185 దీర్ఘకాల పరిశీలనలు, 58 ప్రయోగాలు ఉన్నాయి. 36 మందితో చేసిన ఒక ప్రయోగం దాన్ని తోసిపుచ్చలేదు.

ఐదో మెట్టు: డబ్బు, రెండో బృందం

డబ్బు ఎవరిచ్చారో చివరి పేజీలో ఉంటుంది, చదివి రాసుకోండి. తర్వాత, వేరే బృందం వేరే మనుషుల మీద ఇదే ఫలితం చూపిందా అని పబ్‌మెడ్‌లో వెతకండి. లేకపోతే కాగితాన్ని తేదీ వేసి ఫైల్లో పెట్టేయండి. ముగింపు అన్న భాగం ఇప్పుడు చదవొచ్చు. మీరు గీసిన బాణం కన్నా రచయితల బాణం లావుగా ఉంటే, ఆ తేడాను ఎర్ర పెన్నుతో మార్జిన్‌లో రాయండి. ఈ దశ దాటకుండా ప్రోబయోటిక్ (మేలుచేస్తాయని అమ్మే బ్రతికున్న బ్యాక్టీరియా) కొనడం గానీ, డాక్టరు ఇచ్చిన మందు ఆపడం గానీ చేయకూడదు. 2018లో వైజ్‌మన్ బృందం ఇంకో ఫలితం ప్రచురించింది. యాంటీబయాటిక్స్ తర్వాత ప్రోబయోటిక్ తీసుకున్నవారిలో సొంత బ్యాక్టీరియా మళ్లీ కుదురుకోవడం, ఏమీ తీసుకోనివారి కన్నా ఆలస్యమైంది. ఆ పత్రాన్నీ ఇదే వరుసలో చదవండి, అందులోనూ మనుషుల సంఖ్య చిన్నదే.