కప్‌బోర్డు కింద లైటు: డ్రిల్లు పట్టే ముందు చూసుకోవాల్సినవి

వంటింట్లో ట్యూబులైటు చాలా ఇళ్లలో మన వీపు వెనకే ఉంటుంది. గట్టు దగ్గర నిలబడి ఉల్లిపాయలు తరుగుతుంటే మన నీడే చాకు మీద పడుతుంది. అందుకే పై కప్‌బోర్డుల అడుగున ఎల్‌ఈడీ స్ట్రిప్ పెట్టుకుందామని చాలామందికి అనిపిస్తుంది. రోలు తెచ్చి, వెనక కాగితం పీకి అంటించేయడమే కదా అనుకుంటాం. అంటించడం వరకు నిజంగానే అంతే. ప్రాణం మీదికొచ్చేదల్లా గోడలోంచి వచ్చే 230 వోల్టుల దగ్గర.

ముందుగా ఇన్వర్టర్ సంగతి. మన ఇళ్లలో ఇది పెద్ద ఉచ్చు. మెయిన్ ఆపేశాం, ఇంక భయం లేదనుకుని వైరు మీద చెయ్యి వేస్తారు. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్‌కి అది మామూలు కరెంటు కోతలాగే కనిపిస్తుంది. వెంటనే బ్యాటరీ మీద నుంచి అదే 230 వోల్టులు పంపడం మొదలుపెడుతుంది. వంటింటి లైటూ ఫ్యానూ చాలా ఇళ్లలో ఆ లైను మీదే ఉంటాయి. అలాగని ఇన్వర్టర్ బటన్ ఒక్కటే ఆపినా చాలదు. చాలా మోడళ్లలో బటన్ ఆఫ్‌లో ఉన్నా మెయిన్ కరెంటు దాని గుండానే సాగిపోతుంది. ఇన్వర్టరూ, మెయినూ రెండూ ఆపాలి. అపార్టుమెంటుకి జనరేటర్ ఉంటే ఆ లైను ఏ ఎంసీబీ (కరెంటు డబ్బాలో ఒక్కో లైనుకీ ఉండే చిన్న స్విచ్) మీద వస్తుందో కనుక్కుని దాన్నీ దించాలి. ఇంట్లో వాళ్లకి చెప్పండి. సీరియల్ టైముకి టీవీ రావడం లేదని ఎవరో ఒకరు వెళ్లి మళ్లీ పైకెత్తేస్తారు.

అన్నీ ఆపాక కూడా టెస్టర్ పెట్టి చూడాలి. అయితే టెస్టర్‌ని గుడ్డిగా నమ్మొద్దు. లోపలి చిన్న బల్బు పోయిన టెస్టర్ ఏ వైరు మీద పెట్టినా వెలగదు, మనమేమో కరెంటు లేదనుకుంటాం. కరెంటున్న ప్లగ్గులో ముందు ఒకసారి వెలిగించి చూసి, ఆ తర్వాత లైన్లు ఆపి, పని చేయాల్సిన చోట పెట్టాలి. పని అయ్యాక కరెంటు ఇచ్చి మరోసారి అదే ప్లగ్గులో చూస్తే టెస్టర్ మాట నిజమో కాదో తేలిపోతుంది.

డబ్బాలో ఎంసీబీలు ఉన్నాయి కదా, షాక్ కొడితే పడిపోతాయిలే అన్న ధీమా వద్దు. లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా ఎంసీబీ పడుతుంది. మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు దాని లెక్కలోకే రాదు. అది పట్టుకునేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు కాస్త లీకైనా లైను ఆపేసే స్విచ్. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నొక్కితే వెంటనే పడిపోవాలి. పడకపోయినా, అసలు ఆర్‌సీసీబీయే లేకపోయినా, లైటు సంగతి తర్వాత, ముందు అది పెట్టించండి.

ఇక సరుకు. బజార్లో నేరుగా 230 వోల్టుల మీద నడిచే స్ట్రిప్పులు కూడా దొరుకుతాయి, 230 వోల్టులని 12కో 24కో తగ్గించి స్ట్రిప్‌కి ఇచ్చే చిన్న డబ్బా, అదే డ్రైవర్, దాని ఖర్చు ఉండదు. పండగలకి బాల్కనీ మీద వేలాడదీసుకునే సరుకు అది. తడి చేతులు తిరిగే గట్టుకి మూరెడు పైన దానికి పని లేదు. 12 లేదా 24 వోల్టుల స్ట్రిప్ తీసుకోండి. 24 దొరికితే మరీ మంచిది. 12 వోల్టులు షాక్ కొట్టవు గానీ, అదే వాట్లకి కరెంటు ఎక్కువ లాగుతుంది: 60 వాట్లకి 5 ఆంపియర్లు. జాయింటు వదులుగా ఉంటే అక్కడే వేడెక్కి కాలుతుంది. 24 వోల్టులైతే అది సగానికి తగ్గుతుంది.

పది అడుగుల గట్టుకి సుమారు 3 మీటర్ల స్ట్రిప్ పడుతుంది. మీటరుకి 9.6 వాట్ల రకమైతే మొత్తం 29 వాట్లు. దానికి 30 వాట్ల డ్రైవర్ సరిపోతుందని అంటారు, సరిపోదు. డ్రైవర్ సామర్థ్యంలో 80 శాతానికి మించి లోడు వేయకూడదు, అంటే కనీసం 36 వాట్లది కావాలి. కొనేటప్పుడు దాని మీద బీఐఎస్ గుర్తూ, ఆర్ అక్షరం తర్వాత 8 అంకెల నంబరూ ఉన్నాయో లేదో చూడండి. దాన్ని పప్పుల డబ్బాల వెనక కుక్కేయకండి. గాలి ఆడాలి. కప్‌బోర్డు నెత్తిన పెడితే బాగుంటుంది, ఏడాదికోసారి దుమ్ము దులిపితే చాలు. స్ట్రిప్‌ని నేరుగా సన్‌మైకాకి అంటిస్తే పోపు ఆవిరికి జిగురు కొన్ని నెలల్లో వదిలేసి కూరలోకి వేలాడుతుంది. అల్యూమినియం ప్రొఫైల్ (స్ట్రిప్ కూర్చునే పొడవాటి గాడి పట్టీ) వాడితే వేడీ లాగేస్తుంది, తుడవడమూ తేలిక.

స్టవ్ మీదికి స్ట్రిప్ తీసుకుపోవద్దు. అటూ ఇటూ అడుగు దూరంలోనే ఆపేయండి. చిమ్నీకి దాని లైటు ఉండనే ఉంటుంది. సింకు పైన జాయింటు రాకుండా చూసుకోండి, అక్కడ నీళ్లు చిమ్మినా తట్టుకునే ఐపీ65 రకం వాడండి. డ్రిల్లు ప్లగ్గులో పెట్టే ముందే సిలిండర్ రెగ్యులేటర్ ఆపాలి. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి. గ్యాస్ గాలి కన్నా బరువు, గట్టు కిందే పేరుకుంటుంది.

గోడకి బోరు వేయాల్సి వస్తే స్విచ్‌బోర్డుకి సరిగ్గా పైనా కిందా, కుళాయికి నిలువు వరసలో అస్సలు వేయొద్దు. గోడలోని వైర్లూ, నీళ్ల పైపులూ అక్కడే పోతాయి. ప్లైవుడ్ అడుగు సాధారణంగా 18 మిల్లీమీటర్లు ఉంటుంది, అరంగుళం స్క్రూ చాలు, అడుగు మందాన్ని మించిన స్క్రూ వేస్తే మొన లోపలికి పొడుచుకొచ్చి, గిన్నె తీసేటప్పుడు చేతికి గీరుకుంటుంది. తల పైకెత్తి బోరు వేస్తుంటే పొట్టు అంతా కళ్లలోకే రాలుతుంది. కళ్లద్దాలు పెట్టుకోకుండా మొదలుపెట్టకండి. గ్రానైట్ గట్టు మీద ప్లాస్టిక్ స్టూలు వేసి ఎక్కే సాహసమూ వద్దు.

మీ చేత్తో చేసుకోదగిన హద్దు ఒకటుంది. డ్రైవర్‌కి మూడు పిన్నుల ప్లగ్గు ఉండి, దగ్గర్లో సాకెట్ ఉంటే మిగతాది మీరే చేసుకోవచ్చు. ప్లగ్గు లేదని వైరు కొనలు ఒలిచి, సాకెట్లో దూర్చి, అగ్గిపుల్లలు గుచ్చి బిగించే అలవాటు ఇంకా పోలేదు. వంటింట్లో మాత్రం అది పనికిరాదు. కొత్త పాయింటు లాగాలన్నా, గోడలో వైరు కలపాలన్నా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. వానాకాలంలో గోడ చెమ్మగా ఉంటే అది ఆరేదాకా ఆ పని ఆపండి.

మొదటిరోజు రాత్రి గంటసేపు వెలిగించి, ప్రతి జాయింటునూ డ్రైవర్‌నూ చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి ఆనించలేనంత వేడి ఉంటే ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపాక కూడా స్ట్రిప్ మినుకు మినుకుమంటుంటే స్విచ్ మీద ఇండికేటర్ ఉందేమో చూడండి, దానివల్లే కావచ్చు. అది లేకపోతే స్విచ్‌ని ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు) మీద కాకుండా న్యూట్రల్ మీద కలిపి ఉండొచ్చు. అంటే లైటు ఆరినా డ్రైవర్ దాకా ఫేజ్ వస్తూనే ఉంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి మార్చేదాకా ఆ లైను ఎంసీబీ దించే ఉంచండి.