పాత బండ్ల ర్యాలీకి ముందు బ్రేక్ ప్రపోర్షనింగ్ వాల్వు మార్చుకునేవారికి జాగ్రత్తలు

గత నెలలో మా మిత్రుడి పాత సెడాన్ పొడి రోడ్డు మీద, పట్టపగలు, స్కూటరు అడ్డొచ్చిందని బ్రేకు బలంగా తొక్కగానే గిర్రున తిరిగి డివైడరును ఢీకొంది. ప్రాణాపాయం తప్పింది. బండిని వర్క్‌షాపుకు తెచ్చి చూస్తే ముందు టైర్లు మామూలుగానే ఉన్నాయి, వెనక టైర్లు రెండింటి మీదా మాత్రం అరచేయంత మేర రబ్బరు గీకినట్టు చదునుగా అరిగిపోయి ఉంది. ప్రమాదానికి పది రోజుల ముందే ఆ బండికి బ్రేక్ ప్రపోర్షనింగ్ వాల్వు, అంటే వెనక చక్రాలకు పోయే బ్రేకు ఒత్తిడిని అదుపులో ఉంచే వాల్వు, మార్చారు. మార్చిన మెకానిక్ పెడల్ తొక్కి చూసి, రాయిలా గట్టిగా ఉందని చెప్పి బండి అప్పగించాడు.

పెడల్ గట్టిగా ఉండటం వేరు, వాల్వు సరిగ్గా పనిచేయడం వేరు. పైపుల్లో గాలి లేదని మాత్రమే పెడల్ చెబుతుంది. ముందు చక్రాలకు ఎంత ఒత్తిడి పోతోందో, వెనక చక్రాలకు ఎంత పోతోందో అది చెప్పదు. పాత బండ్ల విషయంలో నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క పొరపాటు వల్లనే జరిగాయి కనుక మిగిలిన జాగ్రత్తల కంటే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

బ్రేకు తొక్కినప్పుడు బండి బరువు ముందుకు ఒరుగుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. పైగా ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ము బ్రేకులు ఉన్న బండిలో, డ్రమ్ము లోపలి షూ తిరిగే డ్రమ్ముతో పాటు తానే లోపలికి లాక్కోబడుతుంది కాబట్టి దానికి తక్కువ ఒత్తిడి చాలు. అందుకే ఈ వాల్వు ఒక స్థాయి వరకు ముందు వెనకలకు సమానంగా ఒత్తిడి పోనిచ్చి, ఆ స్థాయి దాటాక వెనక లైనులో ఒత్తిడి నెమ్మదిగా పెరిగేలా చూస్తుంది. అంటే మామూలు ట్రాఫిక్‌లో మెల్లగా తొక్కినంతసేపూ వాల్వు పనిలోకే రాదు. వీధి చివరిదాకా తిప్పి తెచ్చి బాగానే ఉందనుకున్నవారు వాల్వును పరీక్షించినట్టు కాదు. ముందు చక్రాలు బిగుసుకుపోతే, అంటే తిరగకుండా ఆగిపోయి జారితే, స్టీరింగ్ పనిచేయదు గానీ బండి నేరుగానే జారుతుంది. వెనక చక్రాలు ముందుగా బిగుసుకుపోతే వాటికి పక్కపట్టు పోయి బండి తిరిగిపోతుంది, తిరగడం మొదలయ్యాక దాన్ని సరిదిద్దే వ్యవధి ఎవరికీ దొరకదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. తడి నేల మీద పరీక్షించి తృప్తి పడకండి. తడి నేల మీద బండి మెల్లగా ఆగుతుంది, బరువు పెద్దగా ముందుకు ఒరగదు, కాబట్టి వెనక చక్రాలు ముందుగా బిగుసుకునే లోపం అక్కడ బయటపడకపోవచ్చు. అదే బండి పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు తిరిగిపోతుంది.

వాల్వు ఎంపికలోనూ తొందర వద్దు. ఒకే కంపెనీ తయారుచేసినా సెడాన్‌కూ స్టేషన్ వ్యాగన్‌కూ వాల్వు వేరుగా ఉండవచ్చు, చూడటానికి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి, నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్న బండ్లకు ఈమధ్య ముందు డిస్కులు పెట్టించుకుంటున్నారు. అలా మార్చాక వెనక లైనుకు వాల్వు పెట్టకుండా వదిలేస్తే ఏమవుతుందో పైన చెప్పాను. పెడల్ వదిలాక కూడా లైనులో సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడి నిలిపి ఉంచే, డ్రమ్ముల కోసం పెట్టిన వాల్వును డిస్కు లైనులో అలాగే ఉంచితే ప్యాడ్లు డిస్కును వదలకుండా వేడెక్కుతాయి. 1970ల అమెరికన్ బండ్లలో మాస్టర్ సిలిండరు కింద ఉండే ఇత్తడి దిమ్మెలో ప్రపోర్షనింగ్ వాల్వుతో పాటు, ముందు డిస్కులను కొద్దిగా ఆలస్యం చేసే వాల్వు, హెచ్చరిక దీపం స్విచ్చు కూడా ఉంటాయి. దాని స్థానంలో ఉత్త టీ జాయింటు పెట్టడం అంటే మూడింటినీ తీసిపారేయడమే.

ఇక పనిలోకి దిగేవారు ఇవి తప్పక పాటించండి. బండిని జాకీ మీద వదిలి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి. పైపుల నట్లను ఫ్లేర్ నట్ స్పానరుతోనే విప్పండి, మామూలు స్పానరు మూలలను అరగదీస్తుంది. పైపు కొసను విప్పార్చే తీరు (ఫ్లేర్) రెండు రకాలు, డబుల్ ఫ్లేర్ ఉన్న పైపును బబుల్ ఫ్లేర్ వాల్వులోకి బిగించకండి. ఫ్లేర్ జాయింటుకు టెఫ్లాన్ టేపు చుట్టకండి. మామూలు రాగి గొట్టం వాడకండి, అది అదురుకు అలసి చీలుతుంది. భాగాలను పెట్రోలుతో గానీ కిరోసిన్‌తో గానీ కడగకండి, రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. డాట్ 3, డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్‌లో సిలికాన్ రకమైన డాట్ 5 కలపకండి. మూత తీసి నెలల తరబడి ఉంచిన డబ్బాలోని ఆయిల్ పోయకండి, అది తేమను పీల్చుకుని ఉంటుంది. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి డ్రమ్ము దుమ్మును గాలితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. చేత్తో తిప్పి సరిచేసుకునే వాల్వు అయితే వెనక లైనులోనే పెట్టండి. పాత వాల్వు ఉండగా దానికి వరుసలో రెండోది పెట్టకండి. బ్రేకు పైపుల్లోని గాలి తీసేటప్పుడు పెడల్‌ను ఒక్కసారిగా కిందికంటా తొక్కకండి, హెచ్చరిక స్విచ్చులోని పిస్టన్ ఒక పక్కకు జరిగిపోతుంది. దీపం వెలుగుతూనే ఉంటే బండి తీయకండి. రాత్రంతా ప్రతి జాయింటు కింద తెల్లకాగితం ఉంచి, తెల్లవారాక చూడండి.

పెడల్ గట్టిగా ఉందని రోడ్డెక్కకండి. ఖాళీగా ఉన్న పొడి మైదానానికి వెళ్లండి. డ్రైవరు ఒక్కరే ఉండాలి, వెనక సీట్లో గానీ డిక్కీలో గానీ బరువు ఉండకూడదు, ఎందుకంటే వెనక భాగం ఎంత తేలికగా ఉంటే లోపం అంత త్వరగా కనబడుతుంది. తిప్పుకునే వాల్వును వెనక ఒత్తిడి అతి తక్కువగా ఉండే చోట నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచండి. గంటకు 30, తర్వాత 40, తర్వాత 50 కిలోమీటర్ల వేగంలో గట్టిగా తొక్కండి. దూరంగా పక్కన నిలబడిన మనిషి ఫోనులో వీడియో తీయాలి, ఏ చక్రం ముందుగా ఆగిందో ఆ వీడియోను నెమ్మదిగా నడిపి చూసుకోవాలి. ప్రతిసారీ ముందు చక్రాలే ముందుగా బిగుసుకోవాలి. టైర్ల సైజు మారినా, లైనింగ్ మారినా ఈ పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయండి. ర్యాలీకి ముందు రోజు ఈ పని పెట్టుకోకండి. పరీక్షలో ఒక్కసారైనా వెనక చక్రాలు ముందుగా ఆగాయంటే ఆ బండిని మీరు నడపకండి, ట్రక్కు మీద ఎక్కించి ఇంటికి చేర్చండి.