దేవస్థల్ దూరదర్శినికి పరారుణ పరికరం బిగించే ముందు

నైనిటాల్ దగ్గరి దేవస్థల్‌లో 3.6 మీటర్ల దూరదర్శినికి టాన్‌స్పెక్ వంటి సమీప పరారుణ కెమెరా, వర్ణపటమాపకం బిగించే ముందు ఇవి చూసుకోండి.

• పరికరం లోపల శూన్యం బాగా కుదిరాకే చల్లబరచడం మొదలుపెట్టండి. లోపల తేమ మిగిలితే అతి చల్లని భాగాలపై మంచు పొరగా పేరుకుంటుంది. 2.5 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం వరకు చూసే డిటెక్టర్‌ను, అంటే కాంతిని పట్టే చిప్‌ను, దాదాపు 80 కెల్విన్‌కు (సుమారు మైనస్ 193 డిగ్రీల సెల్సియస్) దించాలి. తొందరపడకండి: కటకమూ దాని లోహపు చట్రమూ ఒకే తీరున కుంచించుకోవు, గాజు పగలవచ్చు. వేడెక్కించేటప్పుడూ అంతే. గది ఉష్ణోగ్రతకు చేరేదాకా మూత తీయవద్దు, ఎంత అత్యవసరమైనా సరే.

• మణికట్టుకు ఎర్తింగ్ పట్టీ లేకుండా డిటెక్టర్ తీగలు ముట్టుకోవద్దు. చలికాలపు పొడిగాలిలో స్వెట్టర్ రాపిడి ఒక్కటే చాలు, దాన్ని పాడుచేయడానికి.

• దూరదర్శిని తూకం మళ్లీ సరిచేయండి. అన్ని దిశలకూ మెల్లగా తిప్పుతూ, కేబుళ్లు బిగుసుకుంటున్నాయేమో ఒకరు పక్కనే నిలబడి చూడాలి.

• తరంగదైర్ఘ్యాలు సరిచూసుకోవడానికి ఆర్గాన్, నియాన్ దీపాల వర్ణపటాలు, కాంతి పడకుండా తీసే చీకటి చిత్రాలు పగలే తీసిపెట్టుకోండి.

• తొలి రాత్రి మరీ ప్రకాశవంతమైన నక్షత్రం జోలికి పోవద్దు. దాని జాడ తర్వాతి చిత్రాల్లోనూ మిగిలిపోతుంది.

• గాలిలోని నీటి ఆవిరి కాంతిని మింగేస్తుంది. ఆ లోటు సరిదిద్దడానికి, ఆకాశంలో లక్ష్యం ఎత్తులోనే ఉన్న ఏ0 తరగతి (వేడి, తెల్లని) ప్రామాణిక నక్షత్రాన్ని ముందే ఎంచుకోండి.