కిడ్నీ రోగి గుండె రిపోర్టు – 3వ పాఠం: రెండో శాంపిల్ ఎక్కడ?

పోయినసారి ఇంటిపనిగా ఇచ్చిన కేసు గుర్తుందిగా? రేణిగుంట నుంచి తిరుపతికి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వచ్చే పెద్దాయన. అర్ధరాత్రి ఛాతీ బరువుగా ఉందని వచ్చారు. ఈసీజీలో కొత్త మార్పేమీ లేదు. హై సెన్సిటివిటీ ట్రోపోనిన్ టి (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్‌ను కొలిచే పరీక్ష) 62. ల్యాబ్ కాగితం మీద పైహద్దు 14.

‘గుండెపోటే’ అన్నవాళ్లూ తొందరపడ్డారు, ‘కిడ్నీ పేషెంట్లకు ఇది మామూలే’ అన్నవాళ్లూ తొందరపడ్డారు. హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు నేనూ ఆ రెండో మాటే అనేసి, రిపోర్టు మడిచి ఫైల్లో పెట్టేశాను. సీనియర్ గారు వచ్చి ఒక్కటే అడిగారు: ‘రెండో శాంపిల్ ఎక్కడయ్యా?’

14 అనేది ఆరోగ్యవంతుల రక్తం చూసి పెట్టిన హద్దు. డయాలసిస్ మీదున్న వాళ్లలో చాలామందికి ఏ నొప్పీ లేనప్పుడు కూడా అది దాటే ఉంటుంది. కిడ్నీ వడకట్టకపోవడం ఒక్కటే కారణం కాదు. ఏళ్ల తరబడి బీపీతో, ఒంట్లో నిలిచిన నీటితో గుండె గోడ మందమై, కండరం కొద్దికొద్దిగా దెబ్బతింటూ ఉంటుంది. కాబట్టి 62ను ఉత్తుత్తి అంకె అనుకోకండి.

మరి ఏం చూడాలి? కదలిక చూడాలి. మూడు గంటల తర్వాత 64 వచ్చిందనుకోండి, పెరిగింది 3 శాతమే. పాత ఫైల్లో పోయిన నెలది 58 అని ఉంటే ఇంకాస్త ధైర్యం. అదే 91 వస్తే? 47 శాతం. మొదటి అంకే ఎక్కువగా ఉన్నవాళ్లలో 20 శాతానికి మించి పెరిగినా, తగ్గినా గుండెకు ఇప్పుడే దెబ్బ తగిలిందని అనుమానించాలి. అది రక్తనాళం మూసుకుపోయినందుకా, డయాలసిస్ ఎగ్గొట్టి నీరు చేరినందుకా అన్నది ఈ అంకె చెప్పదు. అది నొప్పి తీరు, ఈసీజీ చూసి తేల్చుకోవాలి. నొప్పి మొదలై గంటే అయితే ఆరో గంటకు ఇంకో శాంపిల్ కూడా తీయండి.

ఒక ల్యాబ్ 62 అని, ఇంకో ల్యాబ్ 0.062 అని ఇస్తే కంగారు వద్దు. మొదటిది లీటరుకు నానోగ్రాములు, రెండోది మిల్లీలీటరుకు. రెండూ ఒకటే. ట్రోపోనిన్ ఐ అనేది వేరే ప్రోటీన్, దాని అంకెను మాత్రం టి పక్కన పెట్టి పోల్చకండి.

ఈ వారం కేసు: నిన్న పొద్దున నొప్పి వచ్చి తగ్గిపోయిన డయాలసిస్ పేషెంటు. మొదటి ట్రోపోనిన్ టి 110, మూడు గంటలకు 84. ‘తగ్గుతోంది కదా, ఇంటికి పంపేద్దాం’ అంటున్నారు డ్యూటీలో ఉన్నవాళ్లు. మీరేమంటారు?